రెండు పదకొండు లెంగ్తులు

2007 డిసెంబరులో ఇంగ్లండులో రెండు గుర్రాలు చెరొక పెద్ద పందెం గెలిచాయి. రెండూ పదకొండేసి లెంగ్తుల తేడాతోనే గెలిచాయి. రెండింటికీ ఏడేళ్ల వయసు. రెండింటికీ ట్రైనర్ ఒక్కరే, పాల్ నికల్స్. సోమర్‌సెట్ జిల్లాలోని డిచిట్ అనే పల్లెలో, ఆయన లాయంలో వాటి గదులు కూడా పక్కపక్కనే ఉండేవి. ఒకదాని పేరు కౌటో స్టార్, రెండోదాని పేరు డెన్‌మన్. 2008 మార్చి 14న చెల్టెన్‌హాం గోల్డ్ కప్‌లో ఆ రెండూ తలపడబోతున్నాయి. ఆ శీతాకాలమంతా బ్రిటన్, ఐర్లండ్‌లలో పందేల గురించి మాట్లాడేవాళ్లందరి నోటా ఒకటే ప్రశ్న: ఏది గెలుస్తుంది?

మన హైదరాబాదు మలక్‌పేటలో జరిగే పందేలు చదును నేల మీద పరుగులు. అక్కడ దూకడానికి ఏమీ ఉండదు. స్టీపుల్‌చేజ్ అలాంటిది కాదు. కంపతో దట్టంగా కట్టిన దడులను ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ గుర్రం మైళ్ల దూరం దౌడు తీయాలి. మామూలు దడి కనీస ఎత్తు నాలుగున్నర అడుగులు. కొన్నింటికి ముందు గొయ్యి కూడా ఉంటుంది. గోల్డ్ కప్ ఈ జాతి పందేలలో ఛాంపియన్‌షిప్. దూరం మూడు మైళ్ల రెండున్నర ఫర్లాంగులు, అంటే సుమారు 5.3 కిలోమీటర్లు. దడులు 22. పట్టే సమయం ఆరున్నర, ఏడు నిమిషాలు. ఎత్తుపల్లాల మైదానం మీద ఎడమ చేతివైపుకు తిరిగే దారి. చివరి దడి దాటాక, అప్పటికే అలసిన కాళ్లతో గుర్రం ఎగువకు పరుగెత్తాలి.

ఇంకో ముఖ్యమైన నిబంధన ఉంది. ప్రతి గుర్రమూ మోసే బరువు ఒకటే: 11 స్టోన్ల 10 పౌండ్లు, సుమారు 74 కిలోలు. ఆడగుర్రాలకు 7 పౌండ్ల తగ్గింపు. మిగతా పందేలలో చాలా భాగం హ్యాండీక్యాప్‌లు. వాటిలో మంచి గుర్రానికి ఎక్కువ బరువు, సాధారణ గుర్రానికి తక్కువ బరువు పెట్టి అందరినీ ఒక గీత మీదికి తేవాలని చూస్తారు. ఛాంపియన్‌షిప్‌లో ఆ సర్దుబాటు ఉండదు.

గుర్రం సత్తాను నేరుగా కొలిచే పరికరం ఏదీ లేదు. మనకు కనిపించేవి ఫలితాలు మాత్రమే. వాటి వెనక ఉన్న సత్తాను ఊహించి లెక్కగట్టాలి. అందుకు పందేలవాళ్లు ఏనాడో ఒక మారకపు లెక్క తయారుచేసుకున్నారు. ముక్కు నుంచి తోక మొదలు దాకా గుర్రం పొడవు ఒక లెంగ్త్, సుమారు ఎనిమిది అడుగులు. మూడు మైళ్ల దూరంలో ఒక లెంగ్త్ తేడా దాదాపు ఒక పౌండు బరువుకు సమానమని లెక్క. పది పౌండ్లు ఎక్కువ మోసి, పది లెంగ్తులు వెనకబడ్డ గుర్రం, ముందున్నదానితో సమానమైనదే అన్నమాట.

ఈ లెక్క బలం ఎంతో చూపించే పందెం 1964 డిసెంబరులో చెల్టెన్‌హాంలోనే జరిగింది. ఆర్కిల్ అనే ఐరిష్ గుర్రం 12 స్టోన్ల 10 పౌండ్లు మోస్తూ మాసీ ఫెర్గూసన్ గోల్డ్ కప్ అనే హ్యాండీక్యాప్‌లో పరుగెత్తి మూడో స్థానంలో వచ్చింది. అంతకు వారం ముందే అది ఇంకో కఠినమైన పందెం గెలిచింది. మాసీ ఫెర్గూసన్ గెలిచిన ఫ్లయింగ్ వైల్డ్ ఆర్కిల్ కన్నా 32 పౌండ్లు తక్కువ మోసింది. రెండోదైన బ్వోనా నోటే 26 పౌండ్లు తక్కువ మోసింది. వాటి వెనక ఆర్కిల్ పడింది ఒక లెంగ్త్, ఆపైన ఒక వెంట్రుకవాసి. లెంగ్తును పౌండుగా మార్చి చూడండి. ఓడిపోయిన ఆర్కిల్ గెలిచిన గుర్రం కన్నా సుమారు 31 పౌండ్లు మెరుగైనదని తేలుతుంది. రికార్డు పుస్తకంలో అది ఓటమి. కొలతలో అది ఆర్కిల్ జీవితంలోని గొప్ప పరుగుల్లో ఒకటి. గుర్రాల సత్తాను పౌండ్లలో అంకెగా కట్టే టైమ్‌ఫామ్ సంస్థ ఆర్కిల్‌కు ఇచ్చిన 212 రేటింగును ఇప్పటివరకు ఏ స్టీపుల్‌చేజ్ గుర్రమూ అందుకోలేదు. 1964, 65, 66 సంవత్సరాల్లో మూడు గోల్డ్ కప్పులూ దానివే. ఐరిష్ గ్రాండ్ నేషనల్‌లో దాని కోసం బరువుల పట్టికలు రెండు తయారుచేసే పద్ధతి వచ్చింది: ఆర్కిల్ పాల్గొంటే ఒకటి, పాల్గొనకపోతే ఇంకొకటి.

ఇంత చక్కని లెక్క చేతిలో ఉంటే కౌటో స్టార్, డెన్‌మన్‌ల సంగతి సులభంగా తేలాలి కదా! తేలలేదు. ఎందుకో చూడాలంటే ఆ రెండు పదకొండు లెంగ్తుల గెలుపులు ఎక్కడ వచ్చాయో చూడాలి.

కౌటో స్టార్ గెలిచింది లండన్ పక్కన కెంప్టన్‌లో, కింగ్ జార్జ్ పందెం. దూరం మూడు మైళ్లు. కెంప్టన్ చదునైన మైదానం. కుడిచేతి వైపు మలుపులు. అక్కడ వేగం ఉన్న గుర్రానికి దారి సుగమం. కౌటో స్టార్‌కు వేగం పుష్కలం. రెండు మైళ్ల టింగిల్ క్రీక్ పందేన్ని కూడా రెండుసార్లు గెలిచిన గుర్రమది. డెన్‌మన్ గెలిచింది న్యూబరీలో, హెనెసీ గోల్డ్ కప్ అనే హ్యాండీక్యాప్. అందరికన్నా ఎక్కువగా 11 స్టోన్ల 12 పౌండ్లు మోస్తూ, విశాలమైన ఎడమచేతి మైదానం మీద, చెల్టెన్‌హాం దూరానికి దాదాపు సమానమైన దూరంలో, తనకన్నా తక్కువ మోస్తున్న గుర్రాలను పదకొండు లెంగ్తుల వెనక వదిలేసింది. రేటింగు పట్టిక ఈ రెంటినీ రెండు అంకెలుగా మార్చి పక్కపక్కన పెడుతుంది. ఆ అంకెల్లో కౌటో స్టార్‌దే పైచేయి. కానీ కెంప్టన్ కౌటో స్టార్‌ను అడిగింది ఒకటి, చెల్టెన్‌హాం అడగబోయేది మరొకటి. న్యూబరీ డెన్‌మన్‌ను అడిగింది చెల్టెన్‌హాం ప్రశ్నకు చాలా దగ్గరది. పోటీదారులను అంచనా వేసేటప్పుడు ముందు పందెం ఏం అడుగుతుందో చదవాలి, గుర్రాన్ని ఆ తర్వాత చదవాలి. నా దృష్టిలో ఈ విద్యలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. రేటింగులు చేతిలో ఉన్నవాళ్లు తరచుగా దాటవేసే మెట్టు కూడా ఇదే.

మరి చెల్టెన్‌హాం అడిగేది ఏమిటి? దానికి గుర్రం శరీరంలోకి తొంగిచూడాలి.

లాయంలో ప్రశాంతంగా నిలబడ్డ పందెపు గుర్రం గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. పూర్తి దౌడులో 220 దాటుతుంది. ఆ గుండె బరువు నాలుగైదు కిలోలు. దౌడు మొదలవగానే ప్లీహం ముడుచుకుని, అందులో దాచిపెట్టిన ఎర్రరక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. విశ్రాంతిలో రక్తంలో 40 శాతం దాకా ఉండే ఎర్రకణాల వాటా 60 శాతం పైకి ఎగబాకుతుంది. మనిషికి ఈ సౌకర్యం ఇంత మోతాదులో లేదు. ఫలితంగా మేలుజాతి గుర్రం శరీర బరువులో ప్రతి కిలోకూ నిమిషానికి 150 మిల్లీలీటర్లకు పైగా ఆక్సిజన్ వాడుకోగలదు. ప్రపంచ స్థాయి మారథాన్ పరుగువీరులు 80 దగ్గర ఆగిపోతారు.

ఊపిరి సంగతి ఇంకా విచిత్రం. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కు ఒక్కటే దారి. దౌడులో ప్రతి అంగకూ ఒక్క శ్వాస, అంతే. కాళ్లు ముందుకు చాచినప్పుడు గాలి లోపలికి, ముందుకాళ్ల మీద బరువు పడ్డప్పుడు బయటికి. అంగల లయే శ్వాస లయ. దడి దూకేటప్పుడు ఈ లయ తెగుతుంది. గాల్లో ఉన్న ఆ కాసేపూ శ్వాస ఆగి, నేల మీద దిగాక మళ్లీ కుదురుకోవాలి. ఇలా 22 సార్లు. దడి దగ్గరికి సరైన అంగతో వచ్చి తేలిగ్గా దాటిన గుర్రం వెంటనే లయలో పడుతుంది. తప్పు అంగతో వచ్చి దడిని తన్నుకున్న గుర్రం వేగం కోల్పోతుంది, శ్వాస లయా కోల్పోతుంది. ఆ వేగం తిరిగి పుంజుకోవడానికి ఖర్చయ్యే శక్తి చివరి ఎగువ దారి కోసం దాచుకోవలసిన శక్తి.

2008 గోల్డ్ కప్ రోజు డెన్‌మన్ చేసింది సరిగ్గా ఈ శక్తి ఖాతా మీద దాడి. పందెం ఇంకా చాలా దూరం ఉండగానే జాకీ సామ్ థామస్ దాన్ని ముందుకు తీసుకెళ్లి, వేగం సడలనివ్వలేదు. కౌటో స్టార్ మీద ఉన్నవాడు రూబీ వాల్ష్. నికల్స్ లాయంలో మొదటి జాకీగా రెండింటిలో తనకు నచ్చినదాన్ని ఎంచుకునే అవకాశం ఉండి కౌటో స్టార్‌ను ఎంచుకున్నాడు. ఆ ఒత్తిడిలో కౌటో స్టార్ దూకుడు తడబడింది. తనకు హాయైన వేగంలో దడి దగ్గరికి వచ్చే వీలు దానికి దొరకలేదు. డెన్‌మన్ ఏడు లెంగ్తుల తేడాతో గెలిచింది. కౌటో స్టార్ రెండో స్థానాన్ని కూడా వెంట్రుకవాసిలో దక్కించుకుంది. మూడో స్థానంలో వచ్చిన నెప్ట్యూన్ కొలోంజ్ కూడా అదే లాయానిది.

గుర్రం కన్ను గురించి చెప్పకుండా దడుల గురించి చెప్పడం అన్యాయం. తలకు ఇరుపక్కలా కళ్లుండటంతో గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. నుదుటికి ఎదురుగా, ముక్కు కింద మాత్రం గుడ్డి జాగా ఉంది. అందుకే దూకబోయే చివరి క్షణంలో దడి దాని చూపు నుంచి తప్పుకుంటుంది. అంతకుముందు అంగల్లోనే ఎక్కడ లేవాలో నిర్ణయం అయిపోవాలి. పైగా గుర్రం కంటిలో రంగులను గుర్తించే కణాలు రెండు రకాలే. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా దానికి సరిగా తెలియదు. అయినా దశాబ్దాల పాటు బ్రిటన్‌లో దడుల అంచుకొయ్యలకు నారింజ రంగే వేశారు, ఎందుకంటే ఆ రంగు మనుషులకు బాగా కనిపిస్తుంది. పచ్చగడ్డి మీద నారింజ కొయ్య గుర్రానికి ఎలా కనిపిస్తుందో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చూపాక, 2022 నుంచి తెలుపు రంగుకు మారడం మొదలైంది. దూకవలసింది గుర్రం. దాని కంటితో చూడాలన్న ఆలోచన అంత ఆలస్యంగా అమలులోకి రావడం నన్ను బాధపెడుతుంది. రావడం మాత్రం గొప్ప సంతోషం.

దూకుడులో నమ్మకాన్ని లెక్కలోకి తేవడం ఎలా? ఒక గుర్రం ప్రతి దడినీ వెయ్యింట 995 సార్లు క్షేమంగా దాటుతుందనుకుందాం. వినడానికి దాదాపు తిరుగులేనిదే. కానీ 0.995ను 22 సార్లు గుణిస్తే 0.896 వస్తుంది. పదింట ఒకసారి అది పందెం పూర్తిచేయదు. దాటే అవకాశం వందకు 99 అయితే మొత్తం పూర్తిచేసే అవకాశం 0.80కి పడిపోతుంది. ఒక్కో దడి దగ్గర కంటికి ఆనని తేడా పందెం మొత్తం మీద పది శాతమవుతోంది. అసలు పందెంలో అన్ని దడులూ సమానం కావు. దిగువకు పరుగెడుతూ దూకేవి, అలసట కమ్మాక దూకేవి కఠినమైనవి. ఈ శాతాలను కాగితం మీద రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకుందాం: ఆ పదింట ఒకటిలో పడేది ఒక ప్రాణి, దానితో పాటు ఒక మనిషి.

నేల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. వాన పడితే నేల గిట్టను పట్టి లాగుతుంది, ప్రతి అంగా ఖరీదవుతుంది. బ్రిటన్‌లో గోయింగ్‌స్టిక్ అనే పరికరాన్ని నేలలో గుచ్చి, గుచ్చడానికీ పక్కకు వంచడానికీ ఎంత బలం పట్టిందో కొలిచి అంకెగా ప్రకటిస్తారు. బురదలో గెలిచిన గుర్రం గట్టినేల మీద గెలవాలని లేదు. అయినా మొండి గుర్రాలు ఈ నియమాన్ని దాటేస్తాయి. 1989లో డెజర్ట్ ఆర్కిడ్ అనే తెల్లగుర్రం తనకు నచ్చని ఎడమచేతి దారి మీద, నచ్చని బురదలో, చివరి ఎగువలో యాహూ అనే గుర్రాన్ని వెనక్కి నెట్టి గోల్డ్ కప్ గెలిచింది. పరిస్థితులు అవకాశాన్ని తగ్గిస్తాయి, సున్నా చేయవు.

వయసు గురించి ఆసక్తికరమైన పట్టిక ఉంది. 1999 నుంచి 2025 దాకా, గాలికుంటు వ్యాధి వల్ల రద్దయిన 2001ని వదిలేస్తే, గోల్డ్ కప్ 26 సార్లు జరిగింది. విజేతల్లో ఆరేళ్లది ఒకటి, ఏడేళ్లవి ఎనిమిది, ఎనిమిదేళ్లవి పదకొండు, తొమ్మిదేళ్లవి ఆరు. పదేళ్లు, ఆపై వయసున్నది ఒక్కటీ లేదు. దీన్ని చూసి పదేళ్ల గుర్రాన్ని కొట్టిపారేయడం చాలామంది చేసే పని. కానీ పట్టికలో ఉన్నవి విజేతలు మాత్రమే. ప్రతి వయసులోనూ ఎన్ని గుర్రాలు పరుగెత్తాయో, అందులో నిజంగా గెలవగల తాహతు ఉన్నవి ఎన్నో పక్కన రాస్తే తప్ప ఆ సున్నాకు అర్థం చెప్పలేం. ముసలితనం కాళ్లను నెమ్మదింపజేస్తుందన్నది నిజమే. అంతకన్నా ముందే గాయాలు చాలా గుర్రాలను ఈ స్థాయి నుంచి తప్పిస్తాయన్నదీ నిజమే. 1969లో వాట్ ఎ మిత్ అనే గుర్రం పన్నెండేళ్ల వయసులో గెలిచింది.

జన్యువులు ఇక్కడ మనకు అంతగా తోడురావు. 2010లో డబ్లిన్‌లో ఎమెలీన్ హిల్ బృందం మయోస్టాటిన్ జన్యువులోని ఒక అక్షరం తేడా గుర్రానికి అనువైన దూరాన్ని చాలావరకు చెబుతుందని కనుక్కుంది. ఒక రూపం ఉన్నవి పొట్టి దూరాల్లో, రెండో రూపం ఉన్నవి పొడవు దూరాల్లో రాణిస్తాయి. చదును పందేల కోసం పిల్లను కొనేవాడికి అది విలువైన సమాచారం. మూడు మైళ్లకు పైబడిన దూరంలో ఇప్పటికే గెలిచి వచ్చిన పది గుర్రాలలో ఏది మేలో చెప్పమంటే, ఆ పరుగులు చెప్పినదానికన్నా జన్యువు చెప్పగలిగేది కొంచెమే.

ఇన్ని ఆధారాలను ఒకచోటికి చేర్చేది సంభావ్యత. 2008లో కౌటో స్టార్ ధర 10/11, అంటే 11 పౌండ్లు కాస్తే లాభం 10. దాన్ని అవకాశంగా మారిస్తే 11ను 21తో భాగించాలి: 52 శాతం. డెన్‌మన్ ధర 9/4, అంటే 31 శాతం. అన్ని గుర్రాల శాతాలూ కూడితే వంద దాటుతుంది, ఆ పైది పందేలు కాయించుకునే బుక్‌మేకర్ల మార్జిన్. కాబట్టి అసలు శాతాలు ఇంకా తక్కువ. ఫేవరెట్, అంటే అందరికన్నా తక్కువ ధర ఉన్న గుర్రం, ఓడిందని ఆశ్చర్యపోయిన వాళ్లు ఒకటి గమనించలేదు: దాని ఓటమికి సగం దాకా అవకాశం ఉందని బజారే చెబుతోంది. 1990లో నార్టన్స్ కాయిన్ 100/1 ధరతో గోల్డ్ కప్ గెలిచింది. దాని ట్రైనర్ సిరెల్ గ్రిఫిత్స్ వేల్స్‌లో పాడి రైతు. అంత పెద్ద ధరల గుర్రాల మీద జనం మొత్తంగా వాటి అసలు అవకాశానికి మించి కాస్తారని 1949లో గ్రిఫిత్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చూపించాడు. తర్వాత అనేక దేశాల లెక్కలు దాన్ని బలపరిచాయి.

ఇక 2009కి వద్దాం. ముందటి శరదృతువులో డెన్‌మన్ గుండె లయ తప్పింది. పై గదులు క్రమంగా ముడుచుకోవడం మాని వణకడం మొదలుపెట్టాయి. నిలబడ్డ గుర్రానికి దీనివల్ల పెద్ద ఇబ్బంది కనబడదు. దౌడులో మాత్రం గుండె నిండేలోపే కొట్టుకోవడంతో రక్తం సరఫరా తగ్గుతుంది, కాళ్లు ఆగిపోతాయి. చికిత్సతో లయ కుదిరింది. ఫిబ్రవరిలో కెంప్టన్‌లో తిరిగి పరుగెత్తి మాడిసన్ డు బెర్లే చేతిలో 23 లెంగ్తుల తేడాతో ఓడింది. ఇక అయిపోయిందన్నారు చాలామంది. మార్చిలో గోల్డ్ కప్‌లో కౌటో స్టార్ 13 లెంగ్తుల తేడాతో గెలిచి, కోల్పోయిన కప్పును తిరిగి గెలిచిన మొట్టమొదటి గుర్రమైంది. రెండో స్థానంలో వచ్చింది డెన్‌మన్. జబ్బు తర్వాత తొలి పరుగు, చదును కెంప్టన్, కుడిచేతి మలుపులు: ఆ 23 లెంగ్తులు డెన్‌మన్ సత్తాకు నమ్మదగిన కొలత కావు. ఒక్క ఘోరమైన పరుగు నుంచి అంచనాను పాత సగటు వైపుకు కొంత జరపడమే లెక్క ప్రకారం సరైన పని. ఆ పని చేసినవాళ్లు తక్కువ. అదే సమయంలో 2008 నాటి ఏడు లెంగ్తులను శాశ్వత సత్యంగా తీసుకున్నవాళ్లూ తప్పారు. కౌటో స్టార్ ఈసారి హాయిగా దూకింది. 2010లో ముచ్చటగా మూడోసారి కలిసినప్పుడు కౌటో స్టార్ ఆఖరు నుంచి నాలుగో దడి దగ్గర పడిపోయింది, డెన్‌మన్ మళ్లీ రెండోది. గెలిచింది ఇంపీరియల్ కమాండర్.

పందెం ఏం అడుగుతుందో ముందు చదవాలన్న మాటకు ఇంకో ఉదాహరణ ఉంది. 2025 మార్చి 14న అదే మైదానంలో గాలొపాన్ దె షాం అనే గుర్రం మూడో వరుస గోల్డ్ కప్ కోసం దిగింది. ధర 8/13, అంటే 62 శాతం. ఫిబ్రవరిలో డబ్లిన్ లెపర్డ్స్‌టౌన్‌లో మూడు మైళ్ల ఐరిష్ గోల్డ్ కప్‌లో అది గెలిచింది. అందులో నాలుగో స్థానంలో వచ్చిన ఏడేళ్ల గుర్రం ఇనోదవేయుర్‌థింకిన్. ఇది అంతకు ముందటి సంవత్సరం చెల్టెన్‌హాంలోనే మూడు మైళ్ల రెండు ఫర్లాంగుల హ్యాండీక్యాప్ గెలిచింది. దీని పేరు మొదట గోల్డ్ కప్ జాబితాలో లేదు. లెపర్డ్స్‌టౌన్ తర్వాత యజమాని జేపీ మెక్‌మానస్ 25,000 పౌండ్ల అదనపు రుసుము కట్టి చేర్పించాడు. ధర 15/2, సుమారు 12 శాతం. ఆరు లెంగ్తుల తేడాతో గెలిచింది.

ఇలాంటి ఫలితం తర్వాత అంచనాలను ఎలా దిద్దాలో 1950లో గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు చెప్పాడు. వాన సూచనల కోసం ఆయన కట్టిన లెక్క ఇక్కడా సరిపోతుంది. ముందుగా మీరు రాసిన అవకాశానికీ, జరిగినదానికీ (గెలిస్తే 1, ఓడితే 0) మధ్య తేడాను వర్గం చేయండి. గాలొపాన్ దె షాంకు 0.62 రాసినవారికి 0.38 జరిమానా. 0.90 రాసినవారికి 0.81. 0.45 రాసినవారికి 0.20. ఒక్క పందెంతో ఎవరు మెరుగో తేలదు, ఫేవరెట్ గెలిచి ఉంటే ఈ వరుస తలకిందులయ్యేది. పందెం మొదలు కాకముందే ప్రతి గుర్రానికీ ఒక శాతం, దాని పక్కన దూరం, దారి, నేల, దూకుడు గురించి కారణం రాసి పెట్టాలి. వంద పందేల తర్వాత జరిమానాల సగటు తీయాలి. 60 శాతం రాసిన గుర్రాలన్నీ కలిపి చూస్తే వాటిలో పదింట ఆరు గెలిచాయో లేదో అప్పుడు లెక్కపెట్టవచ్చు.